బడి గుమ్మంలో తొలి పరీక్ష

1890ల తొలి సంవత్సరాలలో న్యూయార్కు నగరపు తూర్పు భాగంలో, దేశదేశాలనుంచి వలస వచ్చిన బీదలు క్రిక్కిరిసి నివసించే పేటలో, లూయీ అనే 12 ఏండ్ల కుర్రవాడు ఉండేవాడు. వానికి చదువు రాదు. వీధిదీపాల స్తంభాలమీద వ్రాసిన వీధుల పేర్లు కూడా చదువలేడు. చదువుమీద ఇష్టం లేక కాదు. తలమీద చర్మవ్యాధి ఉన్నది. బడికి వెళ్ళినప్పుడల్లా పంతులమ్మ వానిని ఇంటికి పొమ్మనేది. ధర్మాసుపత్రికి ఎన్నోసార్లు వెళ్ళి మందు తెచ్చుకున్నాడు గాని, అది ఎట్లా వాడాలో చూపినవారు లేరు. ఆ పేటలోనే కాపురముండి, ఇండ్లకు వెళ్ళి రోగులను చూచే లిలియన్ వాల్డ్ అనే నర్సు ఈ సంగతి తెలుసుకున్నది. ఆసుపత్రివారు ఇచ్చిన ఆ లేపనాన్నే పద్ధతి ప్రకారం పూయించింది. వ్యాధి నయమయింది. ఆ సెప్టెంబరులో లూయీ తన జీవితంలో మొదటిసారి బడిలో చేరాడు.

లూయీ కథను వాల్డ్ తరువాత 1915లో ప్రచురించిన గ్రంథంలో వ్రాసింది. బడికి వచ్చిన పిల్లవాని ఒంట్లో బాగాలేదని తెలిసినప్పుడు పెద్దలు ఏమి చేయాలి? ఈ ప్రశ్నకు ఆ రోజులలో ఉన్న సమాధానం ఒక్కటే: వెళ్ళగొట్టడం. అది క్రూరత్వంవల్ల పుట్టిన సమాధానం కాదు. సూక్ష్మజీవులవల్ల రోగాలు వ్యాపిస్తాయని పాశ్చర్, కోఖ్ మొదలయినవారు నిరూపించి అప్పటికి ఎంతో కాలం కాలేదు. కంఠసర్పి, కోరింతదగ్గు, తట్టు, ఎర్రజ్వరం ఒక బిడ్డనుంచి మరొక బిడ్డకు అంటుకుని ఇండ్లకు ఇండ్లు దుఃఖంలో ముంచేవి. నలభై యాభైమంది పిల్లలను ఒక్క గదిలో కూర్చోబెట్టే బడి ఆ రోగాలకు కూడలి వంటిది.

అందువల్ల 1894లో బోస్టన్ నగరంవారు 50 మంది వైద్యులను బడులు తిరిగి చూడటానికి నియమించారు. 1897లో న్యూయార్కు 150 మందిని నియమించింది. వీరు పూర్తికాలపు ఉద్యోగులు కారు. రోజుకు కొంతసేపు బడికి వచ్చి, ఉపాధ్యాయులు వేరుచేసి నిలబెట్టిన పిల్లలను చూచి, అంటువ్యాధి అని తోచినవారిని ఇంటికి పంపడం వీరి పని. మందివ్వడం వీరి పనిలో చేరలేదు. పిల్లవాని చేతికి ఒక చీటీ ఇచ్చేవారు. చీటీలోని సంగతి చాలామంది తల్లులకు అర్థమయ్యేది కాదు. పిల్లవాడు మధ్యాహ్నం వీధిలో ఆడుకునేవాడు. సాయంకాలం బడి వదలగానే అదే తరగతి పిల్లలు వానితో కలిసి ఆడేవారు. అంటువ్యాధి ఆగినట్లు లేదు, చదువు మాత్రం ఆగిపోయింది.

1902లో నగర ఆరోగ్యశాఖ ఈ పరీక్షలను మరింత కట్టుదిట్టం చేసింది. వైద్యులు శ్రద్ధగా చూచేకొద్దీ ఇంటికి పోయే పిల్లల సంఖ్య పెరిగింది. ఆ సెప్టెంబరు నెల ఒక్కదానిలో 10,567 మంది పిల్లలను వెళ్ళగొట్టినట్లు లెక్క. వీరిలో ప్రాణాంతకమయిన రోగాలున్నవారు కొద్దిమందే. ఎక్కువమందికి ఉన్నవి పేలు, గజ్జి, తామర, చీముపుండ్లు, కండ్లకలకలు. వీటితోపాటు, అశ్రద్ధ చేస్తే చూపుపోయే ట్రకోమా కూడా బాగా వ్యాపించి ఉన్నది.

అప్పుడు వాల్డ్ ఒక సూచన చేసింది. తన హెన్రీ స్ట్రీటు సంస్థనుంచి ఒక నర్సును నెలరోజులు ఇస్తాను. ప్రయోగం ఫలిస్తే వైద్యునివలెనే నర్సుకు కూడా నగర ధనంనుంచి జీతం ఇవ్వాలి, అన్నది. అధికారులనుంచి ఆ మాట ముందుగానే తీసుకున్నది. దానధర్మాలమీద నడిచే మంచి పనులు దాతతోపాటే అంతరిస్తాయని ఆమెకు బాగా తెలిసి ఉండాలి.

ఆమె ఎన్నుకున్న నర్సు లీనా రోజర్సు. కెనడా దేశస్థురాలు, టొరంటోలోని పిల్లల ఆసుపత్రిలో శిక్షణ పొందినది. 1902 అక్టోబరు 1వ తేదీన ఆమె పని ప్రారంభించింది. పిల్లలను అధికంగా వెళ్ళగొడుతున్న నాలుగు బడులను ఆమెకు అప్పగించారు. ఆ నాలుగింటిలో కలిసి దాదాపు 10,000 మంది విద్యార్థులు. ఒక్క మనిషి!

రోజర్సు చేసిన పనిలో అద్భుతమేమీ కనిపించదు. వైద్యుడు చూచి పంపిన పిల్లలను ఆమె మూడు తెగలుగా వేరుచేసేది. బడిలోనే పుండు కడిగి, మందు పూసి, కట్టుకట్టి తిరిగి తరగతికి పంపదగినవారు మొదటి తెగ. వైద్యశాలకు తప్పక వెళ్ళవలసినవారు రెండవ తెగ. నిజంగా ఇతరులకు ప్రమాదం తెచ్చే రోగమున్నవారు మూడవ తెగ. వీరిని మాత్రమే ఇంటికి పంపాలి. పంపి ఊరకుండలేదు. బడి పని ముగిసిన తరువాత ఆమె ఆ ఇండ్లకు వెళ్ళి, తల్లి చేతికి గిన్నె, గుడ్డ ఇచ్చి, ఎట్లా కడగాలో, ఎన్నిసార్లు పూయాలో దగ్గర నిలబడి చేయించేది. గజ్జికి గంధకపు లేపనం పూయించేవారు. పేలకు ఆనాడు కిరసనాయిలు, నూనె కలిపి పట్టించేవారు. ఇది ఇప్పుడు ఎవరూ చేయకూడని పని. నిప్పు అంటుకునే ప్రమాదం, చర్మానికి హాని రెండూ ఉన్నవి.

నెల తిరగకుండానే ఫలితం కనిపించింది. నర్సుల నియామకానికి నగరం 30,000 డాలర్లు మంజూరు చేసింది. నగర ధనంతో జీతమిచ్చి ఒక పురపాలక సంఘం బడి నర్సులను నియమించడం ఇదే మొదలని వాల్డ్ గర్వంగా చెప్పుకున్నది. 1903 సెప్టెంబరులో వెళ్ళగొట్టబడిన పిల్లలు 1,101 మంది. వెనుకటి సంవత్సరం అదే నెల లెక్కలో సుమారు పదవ వంతు!

ఈ అంకెలను చదివేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. న్యూయార్కు పిల్లలలో రోగాలు ఒక్క ఏడాదిలో పదవ వంతుకు తగ్గిపోయినవని దీని అర్థం కాదు. రోగం ఉన్నా బడిలో ఉంచి నయం చేయవచ్చునని తేలినందువల్ల తగ్గినది వెళ్ళగొట్టడం. లెక్కల పుస్తకంలో ఏది కొలిచారో చూడకుండా అంకెను మాత్రమే చూస్తే ఇటువంటి చోట్ల పొరపడతాము.

న్యూయార్కుకు ముందే లండనులో ఇటువంటి ప్రయత్నం జరిగిన మాట కూడా చెప్పాలి. 1892 ప్రాంతంలో ఏమీ హ్యూస్ అనే నర్సు డ్రూరీ లేను ప్రాంతపు బడికి వెళ్ళి పిల్లల పుండ్లకు, చిన్న గాయాలకు చికిత్స చేసేది. 1898లో బడి నర్సులకోసం లండనులో ఒక సంఘం ఏర్పడింది. 1907లో వచ్చిన చట్టం ఇంగ్లాండు బడులలో వైద్యపరీక్షను తప్పనిసరి చేసింది.

అంతా నున్నగా సాగలేదు. 1906 జూనులో, న్యూయార్కులో ఈ నర్సులు పనిచేస్తున్న తూర్పు పేటలోనే, ఒక బడిలో కొందరు పిల్లలకు ముక్కు వెనుక పెరిగిన అడినాయిడ్ గ్రంథులను వైద్యులు అక్కడే కోసి తీశారు. కొద్దిరోజులకు, బడిలో పిల్లల గొంతులు కోస్తున్నారని వదంతి పుట్టింది. వేలాది తల్లులు బడులను చుట్టుముట్టి, రాళ్ళు రువ్వి, తమ బిడ్డలను బయటికి లాగుకుపోయారు. వారు వలస రాకముందు వారి దేశాలలో యూదుల ఊచకోతలు జరుగుతున్నవి. అట్టివారు దొరతనంవారి కత్తిని నమ్మలేదంటే ఆశ్చర్యం లేదు. శాస్త్రం ఎంత సరియైనదయినా తల్లికి అర్థమయ్యే భాషలో ముందుగా చెప్పకపోతే ఏమవుతుందో ఆరోగ్యశాఖకు ఆనాడు తెలిసివచ్చింది. రోజర్సు సాయంకాలాలు ఇల్లిల్లూ తిరగడం ఎంత అవసరమో దీనివల్ల స్పష్టమవుతుంది.

రోజర్సు చేసిన వేరుచేయడానికి ఆమె కాలంలో ప్రత్యేకమయిన పేరు లేదు. ఇప్పుడు దానిని ట్రయేజి అంటున్నారు. ఇది ఫ్రెంచి మాట. ఏరి వేరుచేయడం అని అర్థం. గుంటూరు ప్రాంతంలో పొగాకు ఆకును రంగునుబట్టి, నాణ్యాన్నిబట్టి గ్రేడు చేస్తారు గదా, అటువంటి పనికి ఫ్రెంచివారు వాడిన మాట ఇది. నెపోలియన్ సైన్యంలో శస్త్రవైద్యుడయిన లారే, గాయపడినవారి హోదా చూడక, గాయం తీవ్రతనుబట్టే చికిత్స ముందువెనుకలు నిర్ణయించాలన్నాడు. సేనాని చేతిమీద గీరుకంటె సిపాయి తొడలో దిగిన గుండు ముందు. యుద్ధభూములలో పెరిగిన ఈ పద్ధతి 1960లలో అమెరికా ఆసుపత్రుల అత్యవసర విభాగాలకు వచ్చింది. అక్కడినుంచి బడి నర్సు గదికి వచ్చింది.

రావడానికి కారణం రోగాల జాబితా మారడమే. టీకాలు, పెనిసిలిన్ వంటి మందులు వచ్చిన తరువాత కంఠసర్పి, ఎర్రజ్వరం వెనుకబడినవి. మరొకవైపు, పూర్వం ఇంటిపట్టున ఉండిపోయిన పిల్లలు బడికి రాసాగారు. అమెరికాలో 1973, 1975 సంవత్సరాల చట్టాలు అంగవైకల్యం, దీర్ఘవ్యాధి ఉన్న పిల్లలకు కూడా బడి తలుపు తెరవాలన్నవి. అప్పటినుంచి ఉబ్బసం, మధుమేహం, మూర్ఛవ్యాధి ఉన్న పిల్లలు నర్సు గుమ్మం ముందు నిలబడుతున్నారు. ఆటస్థలంలో తగిలే దెబ్బలు ఎప్పుడూ ఉన్నవే.

ఒకేసారి ఇద్దరు పిల్లలు గుమ్మంలోకి వచ్చారనుకుందాం. ఒకడు మోకాలు చెక్కుకుని నెత్తురు కారుతూ బిగ్గరగా ఏడుస్తున్నాడు. రెండవవాడు గోడకు ఆనుకుని, రెండు చేతులు మోకాళ్ళకు ఆనించి, ముందుకు వంగి మౌనంగా నిలబడ్డాడు. అడగందే అమ్మైనా పెట్టదంటారు. ట్రయేజి నేర్చిన నర్సు ఈ సామెతకు విరుద్ధంగా నడుచుకోవాలి; అడగలేనివాని వద్దకే ముందు వెళ్ళాలి. ఏడుస్తున్నవాని ఊపిరి బాగానే ఆడుతున్నదని ఏడుపే చెబుతున్నది. రెండవవాడు మాట్లాడటానికి చాలినంత గాలి లేక ఊరకున్నాడేమో!

ఈ తొలిచూపుకు ఒక పద్ధతి ఏర్పడింది. 2000 సంవత్సరంలో అమెరికా బాలవైద్యుల అకాడమీ తన శిక్షణలో దీనిని ఒక త్రిభుజంగా బోధించింది. మొదటి భుజం పిల్లవాని వాలకం: చుట్టూ చూస్తున్నాడా, మాటకు బదులిస్తున్నాడా, కాళ్ళుచేతులు వాలేసినాడా? రెండవది ఊపిరి శ్రమ: ముక్కుపుటాలు ఎగురుతున్నవా, ప్రక్కటెముకల సందులు లోపలికి పోతున్నవా, పిల్లికూతలు వినిపిస్తున్నవా? మూడవది చర్మపు రంగు: పాలిపోయిందా, పెదవులు నీలంగా ఉన్నవా? పిల్లవానిని తాకకుండానే, ఏ పరికరమూ లేకుండానే, అర నిమిషంలోపు ఇదంతా చూడవచ్చు. చామనఛాయ, నలుపు రంగు చర్మంమీద పాలిపోవడం సులభంగా తెలియదు. అందువల్ల పెదవులు, నాలుక, అరచేతులు, గోళ్ళు చూడాలి.

ఆ తరువాతనే పరికరాలు. వీటిలో ధర్మామీటరు కథ చెప్పదగినది. 19వ శతాబ్దం మధ్యకాలంలో వైద్యులు వాడిన ధర్మామీటరు సుమారు అడుగు పొడవుండేది. ఒక్కసారి చూడటానికి దాదాపు 20 నిమిషాలు పట్టేది. 10,000 మంది పిల్లల బడులలో అది దేనికి పనికివస్తుంది? 1867 ప్రాంతంలో ఆల్బట్ అనే ఆంగ్ల వైద్యుడు ఆరంగుళాల ధర్మామీటరు తయారుచేయించి, పరీక్షాకాలాన్ని 5 నిమిషాలకు తగ్గించాడు. నర్సు జేబులో ఇమిడేది అదే. తలకు దెబ్బ తగిలినవాని స్పృహను కొలవటానికి 1974లో గ్లాస్గో నగరంలో టీస్డేల్, జెనెట్ అనే ఇద్దరు వైద్యులు ఒక కొలత ఏర్పరచారు. కండ్లు తెరవడం, మాట, కదలిక అనే మూడింటికి విడివిడిగా అంకెలు వేసి కలుపుతారు; కనిష్ఠం 3, గరిష్ఠం 15. దీనివల్ల ఒక లాభం ఉన్నది. ‘మత్తుగా ఉన్నాడు’ అని నర్సు చెబితే ఆసుపత్రిలో ఒక్కొక్కరు ఒక్కొక్క విధంగా ఊహించుకుంటారు. పది గంటలకు 15, పదిన్నరకు 13 అని చెబితే సందేహానికి తావు లేదు.

తలదెబ్బను గూర్చి మరికొంత చెప్పుకోవాలి. ఉపాధ్యాయులను మోసగించే ఆపదలలో ఇది ముఖ్యమయినది. చెట్టుమీదనుంచి పడిన పిల్లవాడు క్షణకాలం స్పృహ తప్పి, లేచి, నవ్వుతూ తరగతికి పోవచ్చు. కణతలవద్ద పుర్రె ఎముక పలుచగా ఉంటుంది. దాని లోపలిప్రక్కనే ఒక ధమని ఉన్నది. అది చిట్లితే రక్తం పుర్రెకు, మెదడుపొరకు నడుమ క్రమంగా చేరుతుంది. చోటున్నంతవరకు ఏ లక్షణమూ కనిపించదు. చోటు చాలక మెదడును నొక్కడం మొదలుపెట్టిన తరువాత తలనొప్పి పెరుగుతుంది, వాంతులవుతాయి, మగత కమ్ముతుంది, ఒక కంటిపాప రెండవదానికంటె పెద్దదవుతుంది. నడుమ ఉన్న ఆ మంచి గంటలే ప్రమాదకరమయినవి. అందువల్ల నర్సు అటువంటివానిని ‘బాగానే ఉన్నాడు’ అని పంపివేయదు. దగ్గర ఉంచుకుని మళ్ళీ మళ్ళీ చూస్తుంది. తల్లిదండ్రులకు కబురు చేస్తుంది. పై లక్షణాలలో ఏ ఒక్కటి కనిపించినా వెంటనే ఆసుపత్రికి పంపుతుంది.

ఉబ్బసంలో కూడా ఇటువంటి మోసమే ఉన్నది. పిల్లికూతలు తగ్గితే ఆయాసం తగ్గిందని అనుకుంటారు. కూత రావాలంటే గొట్టాలలో గాలి ఆడాలి గదా. గాలి ఆడటమే తగ్గిపోతే కూత కూడా ఆగుతుంది. పిల్లవాడు వాక్యం పూర్తిగా చెప్పగలుగుతున్నాడా, రెండు మాటలకే ఆగుతున్నాడా అన్నది ఇంతకంటె నమ్మదగిన గుర్తు.

కడుపునొప్పి మరొక చిక్కు. బొడ్డువద్ద మొదలయి కొన్ని గంటలలో కుడివైపు పొత్తికడుపులోకి దిగే నొప్పి అపెండిసైటిసు కావచ్చునని చాలామందికి తెలుసు. చాలామందికి తెలియనిది ఒకటున్నది. వృషణం మెలిపడిన మగపిల్లవాడు సిగ్గువల్ల ‘కడుపునొప్పి’ అనే చెబుతాడు. మెలిపడినప్పుడు దానికి రక్తం అందదు. సుమారు 6 గంటలలోపల శస్త్రచికిత్స జరిగితే సాధారణంగా దక్కుతుంది. ఆలస్యమయినకొద్దీ ఆశ తగ్గుతుంది. పడుకోబెట్టి సాయంకాలం బడి వదిలేదాకా చూద్దామంటే కాలం మించిపోతుంది. అందుకే నర్సు పిల్లవానిని తెర చాటుకు తీసుకువెళ్ళి సూటిగా అడుగుతుంది.

మధుమేహానికి ఇన్సులిను తీసుకునే పిల్లలో రక్తంలోని చక్కెర తగ్గితే చెమటలు, వణకు, చికాకు కనిపిస్తాయి. తరగతిలో ఉన్నట్టుండి పొగరుగా సమాధానమిచ్చిన విద్యార్థికి శిక్షకు బదులు చక్కెర కావలసి ఉండవచ్చు. స్పృహ ఉంటే 15 గ్రాములు, అంటే మూడు నిండు టీ చెంచాలు, ఇచ్చి 15 నిమిషాల తరువాత మళ్ళీ చూస్తారు. స్పృహ లేనివాని నోట ఏమీ పోయరాదు.

ఇన్ని చూచిన తరువాత నర్సు వేసే గీతలు మళ్ళీ మూడే: ఇప్పుడే అంబులెన్సు, ఈ వేళలోనే వైద్యుడు, తల్లిదండ్రులు, ఇక్కడే చికిత్స చేసి తరగతికి. ఈ నిర్ణయం ఒక్కసారితో ముగియదు. మూడవ తెగవాడు అరగంటలో మొదటి తెగలోకి రావచ్చు. అందుకే నర్సు పుస్తకంలో గంట, నిమిషం వేసి వ్రాస్తుంది. ఆ పుస్తకం మరొక విధంగా కూడా ఉపకరిస్తుంది. ఒక బాలికకు ప్రతి వారం అదే రోజున, అదే గంటలో కడుపునొప్పి వస్తున్నదని దానిలో తేలితే, కారణం కడుపులో కాక ఆ గంటకు జరిగే తరగతిలోనో, ఇంటిలోనో ఉండవచ్చు.

భారతదేశంలో బడిపిల్లలకు వైద్యపరీక్ష మొదట 1909లో బరోడా నగరంలో జరిగింది. 1946లో భోర్ సంఘంవారు తమ నివేదికలో బడి ఆరోగ్యసేవలు దేశంలో దాదాపు లేనట్లేనన్నారు. 1960లో రేణుకా రాయ్ అధ్యక్షతన ఏర్పడిన సంఘం మరుసటి సంవత్సరం సిఫారసులు చేసింది. 2013లో ప్రారంభమయిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం క్రింద వైద్యులు, నర్సు ఉన్న సంచార బృందాలు ప్రభుత్వ బడులకు వచ్చి, 18 ఏండ్లలోపు పిల్లలలో పుట్టుకతో వచ్చిన లోపాలు, పోషకాహార లోపాలు, వ్యాధులు, ఎదుగుదలలో ఆలస్యం వెదకుతున్నవి. ఇది మేలయిన పని. అయినా బృందం వచ్చిన రోజున చెట్టుమీదనుంచి పడాలని ఏ పిల్లవాడూ అనుకోడు. నర్సు ఉన్న బడులు తక్కువ. చాలాచోట్ల ఈ తొలిచూపు చూడవలసినది తరగతి ఉపాధ్యాయుడే. ప్రార్థన వేళ ఎండలో సొమ్మసిల్లిన పిల్లను నిలబెట్టక వెల్లకిలా పడుకోబెట్టి కాళ్ళు ఎత్తిపట్టడం, ఒంట్లో బాగాలేదన్నవానిని ఒంటరిగా ఇంటికి పంపకుండా ఒకరిని తోడివ్వడం, 2005లో హైదరాబాదులో మొదలయిన 108 అంబులెన్సుకు ఫోను చేసేటప్పుడు దెబ్బ తగిలిన వేళ, ఇప్పటి స్థితి చెప్పడం, వీటికి పరికరాలు అక్కరలేదు.

పేలున్న పిల్లలను ఏమి చేయాలన్న పాత ప్రశ్న కూడా ఇటీవలి కాలందాకా నడిచింది. పేలు, ఈపులు ఉన్నంతమాత్రాన ఆరోగ్యంగా ఉన్న పిల్లలను బడికి రానీయకపోవడం తగదని అమెరికా బాలవైద్యుల అకాడమీ 2010లో వ్రాసింది. రోజర్సు ఆ నాలుగు బడులలో అడుగుపెట్టి అప్పటికి 108 సంవత్సరాలు.